ఐదు దాటని పని

కర్ర దెబ్బకు దాసు కుర్చీతో సహా పక్కకు పడిపోయాడు. ఎవరో జుట్టు పట్టుకుని లేపి మళ్ళీ కూర్చోబెట్టారు. కళ్ళకు కట్టిన గుడ్డ నెత్తురుకు తడిసి చెంపలకు అంటుకుపోయింది.

"ఆ కుర్రాళ్ళను ఎక్కడ దాచావు?" ఆఫీసరు బర్మా భాషలో అడిగాడు.

"ఏ కుర్రాళ్ళు?" దాసు కూడా బర్మా భాషలోనే అన్నాడు.

ఈసారి మోకాలి మీద పడింది. దాసు కేక పెట్టాడు. ఆ వెంటనే, "నీ సెయ్యిరిగిపోనూ," అని తెలుగులో తిట్టాడు. కర్ర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అదే మోకాలి మీద పడింది.

అడిగేది ఆఫీసరు, కొట్టేది ఇంకొకడు. ఆ రెండోవాడు నోరు విప్పడు. వాడు దగ్గరికి వస్తే శానిటైజర్ వాసన వస్తుంది. మనుషుల ఎముకలు విరగ్గొడుతూ రోగం అంటకుండా జాగ్రత్త పడుతున్నాడని తలుచుకుంటే దాసుకు కడుపు మండిపోయేది.

ఊరి శివార్లలోని లైంగ్‌థార్యార్‌లో, సైనిక పాలనకు ఎదురుతిరిగిన జనం మీద సైన్యం కాల్పులు జరిపిన రోజు, తూటాలు తగిలిన ముగ్గురు కుర్రాళ్ళను దాసు బియ్యం బస్తాల కింద పడుకోబెట్టి ఊరి మధ్యకు తెచ్చి దాచాడు. ఆ చోటు కన్నతల్లికి కూడా చెప్పలేదు. అది బయటపడితే ముగ్గురూ పోతారు, వాళ్ళకు గంజి పోస్తున్న, తను వరసకు అత్తా అని పిలిచే సూరమ్మా పోతుంది. అందుకే పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

గోడగడియారం ఐదు కొట్టింది. కర్ర నేల మీద పడింది.

"కాసేపు ఉండు, వీడు మెత్తబడుతున్నాడు," అన్నాడు ఆఫీసరు.

కుళాయి నీళ్ళ చప్పుడు, ఆ తర్వాత తలుపు చప్పుడు.

"ఈ డిగ్రీ పిల్లలతో ఇదే గొడవ. ఐదయితే దేశం మునిగిపోతున్నా ఇంటికి పోతారు," అని ఆఫీసరు సణుక్కున్నాడు.

దాసుకు అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు పబేడాన్ పేట టీకొట్టులో తామిద్దరూ పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చింది. ఆ ఒట్టులో తనతో ఉన్నవాడు రాజా, మేనమామ కొడుకు.

"మీ యమ్మని సూడు బావా," అన్నాడు రాజా ఆ రోజు. "మిషన్ కాడ ఓవర్‌టైమ్ సేసి సేసి ఏళ్ళు వంకర్లు పోనాయి. మనకొద్దు ఆ బతుకు."

"అయితే ఏటి సేద్దామంటావు?"

"ఐదు దాటితే ఉద్దోగం ఎవుడిదో, మనమెవులమో. పని గుమ్మం కాడే వొగ్గీసి ఇంటికొచ్చీడమే."

ఆ ఒట్టు నిలబెట్టుకోబోయి దాసు గార్మెంట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రాజాకు మాత్రం కలిసొచ్చింది. మింగళాడోన్‌లో, ఎయిర్‌పోర్టు కార్గోలో చేరానన్నాడు.

"ఈ రోగం దెబ్బకి ఇమానాలే ఎగరట్లేదు గదరా, నీకేటి పని?" అని దాసు ఏడిపించేవాడు.

"జీతం ఇత్తన్నారు, ఐదుకి వొగ్గేత్తన్నారు. ఇంకేటి కావాల?" అనేవాడు రాజా.

అన్నట్టే ఉండేవాడు కూడా. ఊరంతా అట్టుడికిపోతున్నా పగలు ఉద్యోగం మానలేదు. సాయంత్రం మాత్రం వీధిలోకి వచ్చి అందరితో పాటు, సైన్యం రాకుండా కట్టే అడ్డుగోడకు ఇసుక బస్తాలు మోసేవాడు. రాత్రి ఎనిమిదింటికి సైన్యమనే దయ్యాన్ని తరమడానికి ఇళ్ళన్నీ గిన్నెలు మోగిస్తే, అందరికంటే గట్టిగా మోగించేది వాడే. "ఆ కుర్రోళ్ళెక్కడున్నారో సెప్పు, మందులు తెత్తాను," అని రెండుమూడుసార్లు అడిగాడు కూడా. తెలిస్తే నీ ప్రాణం మీదికొస్తుందని దాసే చెప్పలేదు.

ఫోన్లు లేవు, నెట్ లేదు. తను ఏమైపోయాడో ఇంట్లోవాళ్ళకు తెలిసే దారి లేదు. అయినా ఇన్ని దెబ్బల్లో ఆఫీసరు రాజా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంటే వాడు వీళ్ళ కంట పడలేదన్నమాట. అమ్మకు వాడు ధైర్యం చెబుతూ ఉంటాడనుకుంటే దాసు ప్రాణం కుదుటపడింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ మొదలైంది. దాసు ఎడమచేతి వేళ్ళు బల్లమీద పరిచి ఒక్కొక్కటే విరిచారు. స్పృహ తప్పితే నీళ్ళు కొట్టి లేపారు. అయినా దాసు ఆ చోటు చెప్పలేదు.

"ఇంక నువ్వు చెప్పక్కర్లేదు," అన్నాడు ఆఫీసరు తాపీగా. "దొరికారు. తలుపు తియ్యలేదని ఇంటికి నిప్పు పెట్టాం. ఒక్కరూ బయటికి రాలేదు."

ఇన్నాళ్ళూ దెబ్బలకు లొంగని దాసు ఆ మాటకు కుప్పకూలిపోయాడు. ఇంక దాచడానికేముంది, ఎవరి కోసం దాచాలి? బర్మా భాషలో ఏడిస్తే వీళ్ళకు వినోదం. ఆ గదిలో తెలుగు తనకొక్కడికే సొంతం, అందులో తనివితీరా ఏడవొచ్చు.

"సూరమ్మత్తా," అని వెక్కిళ్ళు పెట్టాడు. "నీ పిండిమిల్లు అటక మీదెట్టి, ఆ పిల్లలతో పాటు నిన్నూ సంపీసినాను గదే."

కర్ర ఆగింది. కాగితం మీద కలం గరగరమని గీసింది. ఆఫీసరు బూట్లు గబగబా బయటికి వెళ్ళాయి, బయట జీపు కదిలింది. ఇక కొట్టడానికేమీ మిగల్లేదు కాబోలని దాసు తల వేలాడేశాడు. చనిపోయినవాళ్ళ కోసం ఏడుస్తూనే ఉన్నాడు.

కుళాయి నీళ్ళ చప్పుడైంది. గడియారం ఇంకా కొట్టలేదు. శానిటైజర్ వాసన దగ్గరికి వచ్చి, ఒక చెయ్యి అతని భుజం మీద మెల్లగా పడింది.

"ఇయ్యాల ఐదు కాకుండానే పనైపోనాది బావా."