అమ్మ ఫారం

సెలవులో చేయాల్సినవి: మూలుగుతున్న ఫ్యాను బాగు చేయించాలి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇల్లు మారినప్పుడు ఓటర్ల జాబితాలోంచి పోయిన అమ్మ పేరు మళ్లీ చేర్పించాలి. టీవీ ముట్టుకోకూడదు.

ఈ ఎన్నికలపై పత్రికలో రోజూ వ్యాఖ్య రాసి విసిగిపోయాను. పొద్దున రాసింది సాయంత్రానికి తప్పవుతోంది. వేసవంతా రాయనని ఎడిటర్‌తో తెగేసి చెప్పి, ఇంటికి రాగానే అమ్మను ఫారం తెమ్మన్నాను.

“ఇప్పుడెందుకురా? నిన్నటితో గడువు అయిపోయిందట.”

“మరి చెప్పొద్దా?”

“మూడు వారాలు చెప్పాను. ‘రాసుకుంటున్నా, ఆగమ్మా’ అన్నావు. నాకే చదువొస్తే నిన్ను బతిమాలేదాన్నా?”

మా ఇంట్లో ఫారం నింపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉక్రోషంతో ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే గుమాస్తా గొంతు మెత్తబడింది.

“మీ వ్యాసాలు రోజూ చదువుతానండీ. గడువు దాటితే ఎంతటివారికీ మినహాయింపు ఉండకూడదని పోయిన ఆదివారం మీరే రాశారు కదా. ఆ ముక్క కత్తిరించి ఇక్కడ గోడకు అంటించాం.”

ఫోన్ పెట్టేశాను.

“ఏమన్నాడురా?”

“నేను రాసింది బాగుందన్నాడమ్మా.”

“మంచిదే. నేను బడికి పోవాలి. పోలింగ్ అక్కడేనట, గదులన్నీ కడగమన్నారు.”

ఆ బడిలో అమ్మ ఇరవై ఏళ్లుగా ఆయా. ఆ జీతంతోనే నేను డిగ్రీ చదివాను.

ఎవరు గెలుస్తారో నన్నడగకండి. ఒక్కటే మనవి. మీరు ఓటేసే గది నేల శుభ్రంగా కనిపిస్తే, దాన్ని కడిగి, ఓటు లేక ఇంటికి వెళ్లిపోయిన మా అమ్మను ఒక్కసారి తలచుకోండి.