కాలికి కుదిరిన జోళ్ళు

ఏ జోళ్ళు వేసుకోవాలో సూరయ్యకు పొద్దుటి నుంచీ తేలడం లేదు.

జోళ్ళకు కొదవుండి కాదు. నాలుగు అరల నిండా జోళ్ళే. నల్ల బూట్లు, గోధుమరంగు పంపుషూలు, కిర్రుమనే తోలు చెప్పులు, ఈమధ్యే ఊళ్ళోకి దిగిన రబ్బరు చెప్పులు. అన్నిటినీ గుడ్డతో తుడిచి, జంటలు జంటలుగా పెట్టుకున్నాడు. ఇన్ని జంటల మధ్య తానొక్కడే ఒంటరి. ఆ సంగతి తట్టినప్పుడల్లా సూరయ్యకు గుండెలో కలుక్కుమంటుంది.

రబ్బరు చెప్పులు మరీ అలుసు. బూట్లకు మేజోళ్ళు కావాలి, సూరయ్య పుట్టి బుద్ధెరిగి మేజోడు తొడగలేదు. తోలు చెప్పులు చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ, అంగుళం పొడుగు.

పక్కన కూర్చుని పూలు కడుతున్న దాలమ్మ ఇదంతా చూసి కిసుక్కున నవ్వింది.

“ఏటన్నా, పెళ్ళికొడుకు నాగ సింగారించుకుంతన్నావు?”

“ఆ పెద్ద వోటల్లో బోయినం సేసొస్తానే. ఏ జోళ్ళు బాగుంతాయో సెప్పు.”

“గోదుమరంగువి ఏసుకో. దొరబాబు నాగుంతావు. మరి బేగొచ్చెయ్. నానొక్కదాన్నీ ఇక్కడ ఉండనేను.”

సూరయ్య పంపుషూలలో కాళ్ళు పెట్టాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. ఇన్నాళ్ళకు కుదిరింది.

దీనికింత హంగామా ఏమిటని మీరనుకోవచ్చు. నాలుగేళ్ళ కిందటి మాట అది. అరవైనాలుగులో, శృంగవరపుకోట వైపు నుంచి బతుకుతెరువుకని విజయనగరం వచ్చిన కొత్తలో, ఓ సాయంత్రం అతని భార్య తాయారు ఆ హోటలు అద్దాల ముందు ఆగిపోయింది. లోపల ఎవరో గాజు కప్పులో ఐస్‌క్రీం తింటున్నారు.

“ఒక్కసారి మనమూ తిందుమా మావా?”

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సూరయ్య ఛాతీ విరుచుకుని మెట్లెక్కాడు. తలుపు దగ్గర కాపలా ఉండే ఎర్రన్న, ఇత్తడి బొత్తాల కోటు వేసుకున్నవాడు, అతని ముఖం చూడలేదు. కాళ్ళు చూశాడు.

“మగోళ్ళు జోళ్ళు నేకండా రాకూడదు. మేనేజరుబాబు ఆర్డరు.”

లోపల తింటున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. తాయారు నవ్వేసింది. “పోన్లే మావా, ఇంటికాడ అంబలున్నాది” అంది.

“మంచి జోళ్ళేసుకొని తీసుకొస్తానే, సూడు” అని సూరయ్య మాటిచ్చాడు. ఆ ఏడు వానల్లో జ్వరం తగిలి, వారం తిరక్కుండానే తాయారు వెళ్ళిపోయింది. మాట మాత్రం సూరయ్య దగ్గరే ఉండిపోయింది.

ఇవాళ ఆ మాట నిలబెట్టుకోవాలి. మళ్ళీ కాదు పొమ్మంటే ఇంకోసారి ఆ మెట్లెక్కే ధైర్యం అతనికి లేదు.

జోళ్ళతో నడవడమూ ఓ విద్యే. రెండుసార్లు తడబడ్డాడు. మెట్ల దగ్గర ఊపిరి బిగబట్టాడు. ఎర్రన్న ఈసారీ కాళ్ళే చూశాడు. చూసి, తలుపు బార్లా తెరిచి వంగాడు.

“దయ సెయ్యండి బాబూ.”

పైన పంకా తిరుగుతోంది. బల్ల మీద తెల్లటి గుడ్డ. సర్వరు దగ్గరకొచ్చి అడిగాడు.

“ఒక్కరేనా సార్?”

“ఒక్కణ్ణే.”

ఆ ఒక్క ముక్క అనడం ఇంత కష్టమని సూరయ్యకు తెలియదు.

పళ్ళెం వచ్చింది. ముద్ద కలపబోయి ఆగాడు. బల్ల కింద గుట్టుగా జోళ్ళు విప్పేశాడు. అన్నం ముందు ఇలా జోళ్ళతో కూర్చోవడం తాయారే గనక చూసుంటే చెయ్యి పట్టుకుని లేవదీసేది. జోళ్ళుంటేనే గానీ అన్నం పెట్టని చోటును ఇక్కడే చూస్తున్నాడు. అన్నీ ఉన్నాయి గానీ రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరిపాడు. గోడ గడియారం వైపు నాలుగుసార్లు చూశాడు.

చివరికి గాజు కప్పులో ఐస్‌క్రీం వచ్చింది. ఓ చెంచా నోట్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో మెల్లగా అన్నాడు.

“సల్లగున్నాదే.”

కళ్ళు నిండిపోయాయి. ఎవరూ చూడకుండా కండువాతో ఒత్తుకున్నాడు.

అంతలో తలుపు దగ్గర ఏదో గొడవ వినిపించింది. ఎవరో నడివయసు మనిషి, పక్కన భార్య. ఎర్రన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“మగోళ్ళు జోళ్ళు నేకండా రాకూడదు బాబూ.”

అద్దంలోంచి ఆవిడ చూపు సూరయ్య ముందున్న గాజు కప్పు మీద పడింది. వెంటనే తల దించుకుంది. భర్త కండువా కొస పట్టి లాగింది.

“పదండి, ఇంటికెళిపోదుం.”

సూరయ్యకు ప్రాణం ఉసూరుమంది. ఆనాడు తాను మింగిన అవమానం మళ్ళీ కళ్ళ ముందు నిలిచింది. ఈసారి ఊరుకోదలచుకోలేదు. ఇవాళ తాను సారు కదా! జోళ్ళలో కాళ్ళు దూర్చి, టకటకా తలుపు దగ్గరకు నడిచాడు.

“ఆలని రానీవయ్యా! కాళ్ళు సూసి బోయినం పెడతారేటి?”

ఆ మాటకు ధైర్యం వచ్చి ఆ మనిషి ఇటు తిరిగాడు.

“నాకు జోళ్ళు నేక కాదు బాబూ, కోవెల కాడ జోళ్ళు కాసేవోడు ఏటైపోనాడో కనబడనేదు” అంటూ అతను చాపిన అరచేతిలో, ఇప్పుడు సూరయ్య కాళ్ళకున్న జోళ్ళు తీసుకుని పొద్దున సూరయ్య చేత్తోనే ఇచ్చిన నంబరు బిళ్ళ ఉంది.