మారిన చెప్పులు

చీరల కొట్టులో పరుపెక్కే ముందు గుమాస్తాలందరూ చెప్పులు కింద విడవాల్సిందే. అవి కొట్టువాళ్లు ఒక్కొక్కరి పేరున ఇచ్చినవే. నడుస్తున్నంతసేపూ కాళ్లలో రక్తం ఎలా పారుతోందో యజమానికి చేరవేస్తుంటాయి. ఊళ్లో ఇప్పుడు ఏ కొలువుకైనా అవే చెప్పులు. అవి ఒకటన్నాక మనిషి మాట ఎవరూ వినరు.

ఆ ఉదయం పైడినాయుడికి చీటీ వచ్చింది. కుడికాలి రక్తనాళం పూడుకుపోయిందట, రేపటి నుంచి రానక్కర్లేదట. మూడంతస్తులూ చీరల మూటలతో పరుగున ఎక్కే మనిషి నిర్ఘాంతపోయాడు. పిక్క పట్టేసి టీకొట్టు దారిలో నాలుగుసార్లు ఆగేది పక్కన కూర్చునే సూరప్పడు. నెల్లాళ్లుగా పైడినాయుడి చెప్పులేసుకుని వెళ్లిపోతున్నదీ అతనే. "మారిపోనాయి బావా" అంటే, పైడినాయుడు నవ్వేసి అతనివి తొడుక్కునేవాడు.

చీటీ చూపిస్తే సూరప్పడు తలెత్తలేదు. చీర మడత పెడుతూనే అన్నాడు.

"నీ కాళ్లు గట్టివి బావా. నీకెక్కడైనా పని దొరుకుతాది. నాకెవులిస్తారు?"

సాయంత్రం వీధిలో సూరప్పడు పిక్క పట్టుకుని ఆగిపోయాడు. ఇన్నేళ్లూ ఆగినట్టే పైడినాయుడూ ఆగాడు. ఆగినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. కాళ్లకున్న సూరప్పడి చెప్పులు అక్కడే విడిచేసి, ఉత్తకాళ్లతో నడిచి వెళ్లిపోయాడు.