ఆల్డర్‌కోంబ్‌కి కొత్త దొరగారు

“కొత్త దొర వచ్చేశాడండీ! పెరటి గుమ్మం తడుతున్నాడు!”

బట్లర్ టాప్ రొప్పుతూ చెప్పిన మాటకి మిసెస్ హన్నాఫర్డ్ నెత్తి కొట్టుకుంది.

“పెరటి గుమ్మమేమిటి, ఖర్మ! కూరలవాడిలా! మరి మీరేం చేశారు?”

“నేనేం చేస్తాను? నోరు తెరుచుకుని చూశాను.”

“అదొక్కటీ బాగా చేస్తారు లెండి!”

పొద్దుటినుంచీ ఆవిడ ఒక్కచోట కుదురుగా నిలబడలేదు. ఇల్లు కొన్నాయన ఇవాళ వస్తున్నాడని లాయరు కబురు పంపాడు. ఆల్డర్‌కోంబ్‌లో దొర మారినప్పుడల్లా పనివాళ్ళు ముందు గుమ్మం మెట్ల మీద వరసగా నిలబడి తాళాలు చేతికిచ్చి లోపలికి తీసుకురావడం ఆనవాయితీ. ఆవిడ అమ్మమ్మ కూడా ఆ వరసలో నిలబడింది. ఒకప్పుడు ఆ వరస గేటు దాకా ఉండేదట. ఇప్పుడు ఇంటిపెత్తనం చూసే హన్నాఫర్డ్, బట్లర్ టాప్, వంటమనిషి బెస్సీ, అంతే. పాత దొర ఫెర్రియర్ గారి కొడుకులిద్దరూ జర్మన్లతో యుద్ధంలో ఫ్రాన్సులో పోయారు. ఆ దిగులుతోనే ఆయనా పోయాడు. వారసత్వపు పన్ను కట్టలేక మేనకోడలు అన్నీ అమ్మేసింది.

కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటే ఈ ముగ్గురి గతేం కాను? పదమూడేళ్ళ వయసులో అంట్లు తోమడానికి ఈ ఇంటికొచ్చింది హన్నాఫర్డ్. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. ఈ గడప దాటితే తల దాచుకునే చోటు లేదు. ఆ భయంతో రాత్రి కునుకు కూడా పట్టలేదు.

గబగబా పెరట్లోకి పరుగెత్తింది. బురద బూట్లు, మాసిన కోటు, చేతిలో టోపీ. కొత్త దొర మిస్టర్ ప్రొదరో, బ్రిస్టల్ పట్నం మనిషి.

“అయ్యయ్యో, దొరగారూ! ఇటు కాదు, ముందు గుమ్మంలోంచి దయచెయ్యండి!”

“నాకు ఇదే అలవాటమ్మా,” అన్నాడు మొహమాటంగా.

ఆవిడ వింటేగా! ఇంటి చుట్టూ తిప్పి ముందు వైపుకి లాక్కొచ్చింది. టాప్ వంగి దణ్ణం పెట్టి, తాళాల గుత్తి అందించాడు. కొత్తగా డబ్బు చేసిన మనిషైనా ఎంత నిగర్వి అనుకుంది హన్నాఫర్డ్. మనసు కాస్త కుదుటపడింది. ఇక ఇల్లు ఆయనకి నచ్చాలి, అంతే. నచ్చితే ఇక్కడే ఉంటాడు, ఉంటే పనివాళ్ళు కావాలి.

హాల్లోకి రాగానే ప్రొదరో గోడకున్న చెక్కపలకల మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

“మేకులు కొట్టారా, చెక్క చీలలు బిగించారా?”

“ఒక్క మేకు లేదు దొరగారూ! ఈ ఇల్లు కట్టించిన ఉన్ని వర్తకుడి నాటి ఓకు చెక్క. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధమొచ్చినప్పుడు ఆయన మనవడు రాజు పక్షాన చేరి ఇల్లు పోగొట్టుకున్నాడు. పార్లమెంటు తరఫున లాక్కున్న కల్నల్ గారు కూడా దీన్ని ముట్టుకోలేదు.”

“మంచి పని చేశాడు,” అన్నాడు ప్రొదరో మనస్ఫూర్తిగా. “ఆ చలిమంట పొయ్యి చుట్టూ ఉన్న పాలరాయి?”

“కల్నల్ వంశం దగ్గర ఇల్లు కొన్న ఓడ కెప్టెన్‌ది, చక్కెర వ్యాపారంలో గడించాడు. ఇటలీ నుంచి ముక్కలుగా ఓడలో తెప్పించి ఇక్కడ కూర్పించాడు.”

“ముక్కలుగానే!” ఆయన మొహం వెలిగిపోయింది.

చూశారా అన్నట్టు టాప్ వైపు కళ్ళెగరేసింది ఆవిడ. టాప్ ఊరుకుంటాడా? “పైకప్పు అంతా సీసం రేకులేనండీ. కెప్టెన్ గారే వేయించారు. ఎంత మందమో!” అంటూ అందుకున్నాడు.

మేడ మీద మూలగదిలోకి వెళ్ళారు. తలుపు వెనక హన్నాఫర్డ్ దాచిన సత్తు గిన్నెలో టప్‌మని చినుకు పడింది. ప్రొదరో తలెత్తి మచ్చ కట్టిన సీలింగు చూశాడు.

“కారుతోందే!”

“ఇవాళ ఒక్కరోజేనండీ,” అంది హన్నాఫర్డ్, అబద్ధానికి చెవులు ఎర్రబడుతుండగా.

“కారనివ్వమ్మా. దానికేం? పైన సీసం బాగుంటే చాలు.”

ఇంత మంచివాడు ఎక్కడైనా ఉంటాడా! ఫెర్రియర్ దొరగారైతే ఆ చినుక్కి నాలుగు రోజులు సణిగేవారు. ఆవిడ ఉత్సాహం ఆపుకోలేక మెట్ల రెయిలింగు, రంగుల అద్దాల కిటికీలు, లైబ్రరీ తలుపులు ఒక్కొక్కటే చూపించింది. దేనికీ ఆయన వంక పెట్టలేదు.

బెస్సీ టీ, వేడి స్కోన్ రొట్టెలు, మీగడ తెచ్చి పెట్టింది. ఆయన తింటుంటే హన్నాఫర్డ్ ఎదురుగా నిలబడి ఏప్రన్ అంచు నలుపుతోంది. అడగాలి.

“దొరగారూ... మా ముగ్గుర్నీ...”

“మిమ్మల్నా? మీలా ప్రతి మూలా తెలిసినవాళ్ళే నాకు కావాలమ్మా! చేతినిండా పనుంది. ఇంకా మనుషుల్ని కూడా రప్పిస్తున్నాను.”

ఆవిడకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. టాప్ కూడా ముక్కు చీదుకున్నాడు, అదేదో జలుబన్నట్టు.

“ఒక్కటి మాత్రం చెప్పగలను,” అన్నాడు ప్రొదరో వేళ్ళకంటిన మీగడ తుడుచుకుంటూ. “దీంట్లో ఒక్క చెక్క కూడా నేను పాడు కానివ్వను.”

“దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి!”

అంతలో బయట మోటార్ల చప్పుడు. గేటు దాటి లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. హన్నాఫర్డ్ గంతులేస్తున్నట్టే మెట్లు దిగింది.

“మీ సామాను వచ్చేసింది, దొరగారూ! అన్నీ నేను సర్దిస్తా!”

లారీలు దగ్గరికొచ్చాయి. ఆవిడ ఒకదాంట్లోకి తొంగి చూసింది, రెండోదాంట్లోకీ చూసింది. నవ్వుతూనే వెనక్కి తిరిగింది.

“గునపాలూ నిచ్చెనలూ తప్ప అన్నీ ఖాళీగా ఉన్నాయేమిటండీ? అదీగాక తోటలోంచి తోలుకొస్తున్నారు, గులాబీలన్నీ నలిగిపోతున్నాయి. ఆ తోట ఫెర్రియర్ అమ్మగారు వేసింది. కాస్త మీరైనా చెప్పండి!”

ప్రొదరో టోపీ పెట్టుకుని, కోటు చేతులు పైకి మడుచుకుంటూ మెట్లు దిగాడు.

“స్థలం నాది కాదమ్మా, నేను కొన్నది ఇల్లు మాత్రమే.”