ఉత్తచేతులతో వచ్చినాయన

తాళం తిప్పితే ట్రాక్టరు ‘టక్’ అంది. అంతే.

శౌరయ్యగారు మళ్లీ తిప్పారు. మళ్లీ టక్కే.

"ఇవాళ ఒక్కరోజే నాన్నా," అంది పటమట నుంచి ఫోన్‌లో కూతురు బ్లెస్సీ. "ఆ నలభయ్యేళ్ల బండిని రోజూ నలుగుర్ని బతిమాలి తోయిస్తున్నావు. సాయంత్రానికి తాళంతో స్టార్ట్ కాలేదో, వదిలించుకుందాం."

సరేనన్నారు. కంకిపాడు మెకానిక్కు షాపుకి ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు.

ఎండెక్కాక గేటు దగ్గర ఒకాయన మోటారుసైకిలు దిగాడు.

"ఏవయ్యా, ఇదేనా రావడం?"

"నేనండీ... అమ్మాయిగారు..."

"అమ్మాయి కూడా ఫోన్ చేసిందా? మంచిదే. సామాన్లేవి?"

"తేలేదండీ."

"బైబిలు లేకుండా పూజకొచ్చిన ఫాదర్లా ఉన్నావే!"

ఆయన నవ్వి, బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదంటే అంత ఇష్టమా బాబాయిగారూ?"

"మా ఆవిడ ఈ మడ్గార్డు మీద కూర్చునే పొలానికొచ్చేది. పోయి మూడేళ్లు. ఇది మోగుతుంటే పక్కనే ఉన్నట్టుంటుంది నాకు."

ఆయన మడ్గార్డు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

"పానాలెక్కడున్నాయండీ?"

"ఉండు, ముందు లైట్లు వేస్తా. వెలుగుతున్నాయా?"

"బ్రహ్మాండంగా."

"అయితే బ్యాటరీ మంచిదే. నేను తాళం తిప్పుతా, నువ్వు స్టార్టరు మీద సుత్తితో మెల్లగా కొట్టు."

"స్టార్టరంటే... లోపల రాగి ఎక్కువుండేది, అదేనా అండీ?"

శౌరయ్యగారు తల పట్టుకున్నారు. "నీకు మెకానిజం నేర్పిందెవరయ్యా?"

"ఎవరూ నేర్పలేదండీ."

కొట్టాడు. స్టార్టరు ఒక్కసారి మూలిగి ఆగింది.

"అదీ! లోపల కరెంటందించే బ్రష్‌లు పట్టేశాయి. బ్యాటరీ వైరు తీసేసి, స్టార్టరు విప్పు."

శౌరయ్యగారికి నడుం వంగదు. ఆయన చెబుతుంటే వచ్చినాయన బురదలో వెల్లకిలా పడుకుని బోల్టులు తీశాడు. స్టార్టరుని ఒళ్లో పెట్టుకుని, బ్రష్‌ల చుట్టూ పేరుకున్న నల్లపొడి పెట్రోలుతో కడిగాడు. ఉప్పుకాగితంతో రుద్దాడు. తెల్లచొక్కా తెల్లదని ఇక ఎవరూ అనరు.

బిగించాక శౌరయ్యగారు తాళం తిప్పారు.

బండి దగ్గింది, ఊగింది, అందుకుంది. కాలవ అవతలి కొంగలు కూడా లేచాయి.

"సాధించావయ్యా! ఉండు, మజ్జిగ తెస్తా."

గ్లాసుతో వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

ఫోన్ మోగింది. మెకానిక్కు షాపు.

"మావాడికి జ్వరం సార్. ఇవాళ ఎవర్నీ పంపలేకపోయాం."

మరి ఈయనెవరు? ఆలోచిస్తుండగానే బ్లెస్సీ ఫోన్.

"బండి స్టార్టయిందట కదా నాన్నా! ఇప్పుడే ఆయన చెప్పాడు."

"ఆయనెవరే తల్లీ?"

బ్లెస్సీ నసిగింది.

"కోప్పడకు నాన్నా, ఎలాగూ స్టార్ట్ కాదనుకుని నేనే పంపించా... గన్నవరంలో పాత ఇనుము కొనే ఆయన, ఆ బండిని ముక్కలు కోయించి పట్టుకెళ్లడానికి వచ్చాడు."