క్యానులో కృష్ణమ్మ

“ఆగవోయ్! ముందు లక్క చూడనీ.”

జగన్మోహనరావు కళ్లజోడు సర్దుకుని, వాకిట్లో దించిన పాలక్యాను చుట్టూ గుళ్లో తిరిగినట్టు తిరిగాడు. మూత అంచున పోసిన లక్క చెక్కుచెదరలేదు. అయినా గోటితో గీకి మరీ చూశాడు.

బావమరిది రామచంద్రమూర్తి రైల్వేలో గార్డు. నెలనెలా బెజవాడలో కృష్ణ నీళ్లు క్యానుకి నింపి, మూతకి లక్క పోసి, రైల్లో తన పెట్టెలోనే పెట్టుకుని నాంపల్లి స్టేషనుకి, అక్కణ్ణించి ఇంటికి తెస్తాడు.

“నామీద కూడా అనుమానమేనా బావా?”

“నీమీద కాదోయ్, ఈ ఊరి మీద. నువ్వటు తిరిగేసరికి ఏ మహానుభావుడో కుళాయి నీళ్లు కలిపి పెడతాడు.”

రాజధానితో పాటు కర్నూలు నుంచి వచ్చిపడ్డ బెజవాడ గుమాస్తా జగన్మోహనరావు. ఏళ్లు గడిచినా హైదరాబాదు నీళ్లు ఆయన గొంతు దిగలేదు. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని ఇక్కడివాళ్లు మురిసిపోతుంటే, “వదలడా? లేవలేడు!” అంటాడు. మూసీ ఆయన లెక్కలో నది కాదు, మురుగు. ఆ మురుగుకి అడ్డంగా గోడ కట్టి, గండిపేట చెరువని పేరు పెట్టి జనం చేత తాగిస్తున్నారని ఆయన బాధ. అందుకే ఇంట్లో కుళాయి నీళ్లు కాళ్లు కడుక్కోవడానికీ, పుక్కిలించడానికీ మాత్రమే. కిళ్లీ నమిలి పెరటి కాలవలోకి ఉమ్మినప్పుడల్లా, “పో, మీ మూసీలోకే పో!” అని సాగనంపేవాడు. తాగే నీళ్లున్న బిందెని భార్య కమలకుమారిని కూడా ముట్టుకోనివ్వడు. ఆఫీసుకి మరచెంబు, ఆబిడ్స్‌లో కాఫీ హోటలుకి మరచెంబు, చివరికి పెళ్లి విందుకి వెళ్లినా చంకలో మరచెంబే. వెనక నవ్వేవాళ్లు నవ్వేవారు. గండిపేట బుర్రలకి అంతకన్నా ఏం తెలుస్తుందని ఆయన జాలిపడేవాడు.

క్యాను వంటింట్లోకి చేరకముందే ఇంటి యజమాని సదాశివ మెట్లు దిగి వచ్చాడు. ఆబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం ఆయనది. ఎప్పుడూ నవ్వే మనిషి, ఇవాళ తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

“రావు సాబ్, సీదా మాట్లాడుత. మా శశికళను మీ తమ్మునికి ఇద్దామనుకుంటున్న. పిల్లలిద్దరికి ఇష్టమే. కులం ఒక్కటే, గోత్రాలు వేరు. మీరు ఔ అంటె చాలు.”

గుమ్మం దగ్గర బుచ్చిబాబు తలొంచుకుని నిలబడ్డాడు. తల్లీతండ్రీ పోయాక పెంచింది అన్నే. అన్న మాట దాటలేడు, శశికళని వదులుకోలేడు. అన్నయ్య కాదంటే ఈ జన్మకి పెళ్లే వద్దని పొద్దున్నే వదిన దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

జగన్మోహనరావు మాత్రం చెప్పులో రాయి దూరినట్టు మొహం పెట్టాడు.

“గండిపేట నీళ్లతో పెరిగిన పిల్లా మా ఇంటికి?”

“గట్లంటరేంది సాబ్? పిల్లను నీళ్లతోని తూస్తరా?”

“మనిషంటేనే నీళ్లండీ! మావి కృష్ణ నీళ్లు, మీవి మూసీ నీళ్లు. బుద్ధులు కలుస్తాయా?”

అప్పుడే బడి నుంచి వచ్చిన శశికళ వాకిట్లో ఆగిపోయింది. ఆడపిల్లల బడిలో భూగోళం టీచరు. చంకలో చుట్టిన గుడ్డ పటం ఉంది. జగన్మోహనరావు ఆ పటాన్ని చింకిచాపని చూసినట్టు చూశాడు.

“నాల ఏం వంకుందో నా ముందర్నే చెప్పున్రి సార్,” అంది.

“నీలో లేదమ్మా, మీ నీళ్లలో ఉంది.”

లక్క పగలగొట్టి, గ్లాసు ముంచి, కళ్లు మూసుకుని గటగటా తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు.

“అమృతం! ఇందులో మీ మూసీ చుక్క ఒక్కటి పడిందా, నా నాలుక పట్టేస్తుంది.”

“నిజంగ పట్టేస్తరా?”

“పట్టకపోతే ఈ నాలుక కోయించుకుంటాను. ఇంకో మాట కూడా విను. మీ మూసీ మా కృష్ణలో కలిసిన రోజున, నేనే దగ్గరుండి మీ ఇద్దరికీ పెళ్లి చేస్తాను. కృష్ణమ్మ చేతిలో ఉండగా చెబుతున్నా, ఒట్టు! మా బావమరిదే సాక్షి.”

బుచ్చిబాబు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కమలకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సదాశివకి ఒళ్లు మండిపోయింది. అయినా అవతలివాడు పెళ్లికొడుకు అన్న. తువ్వాలు భుజాన వేసుకుని, “నడువ్ బిడ్డా, పోదాం” అన్నాడు.

శశికళ కదల్లేదు. రామచంద్రమూర్తి వైపు తిరిగింది.

“అన్నా, గీ నీళ్లు బెజవాడల్నే ముంచిన్రా?”

“అవునమ్మా, దుర్గమ్మ కొండ కింద, నా చేతుల్తోనే ముంచాను.”

“లక్క కనబడ్డం లేదూ?” అని గర్జించాడు జగన్మోహనరావు, రెండో గ్లాసు పెదాలకి ఆనించుకుంటూ.

“వాడపల్లి మీకెరుకనా అన్నా?”

“ఎరగకేం, కృష్ణ ఒడ్డు ఊరే కదా. అక్కడి నీళ్లే దిగువకి మా బెజవాడకి వస్తాయి. ఏం?”

శశికళ పటాన్ని రెండో చంకలోకి మార్చుకుంది. గ్లాసు ఎత్తి తాగుతున్న పెద్దమనిషిని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

“మూసీ కృష్ణల కలిసేది గాడ్నే సార్, రోజూ.”