సోమశిలకు సైకిల్ దారి

“పెబ్బేరు దారి ముచ్చటే వద్దు,” అన్నాడు రాఘవేందర్, నేల మీద పరిచిన పటంలో ఎర్ర పెన్నుతో ఆ దారిని కొట్టేస్తూ.

వనజ ఆ గీతను అనుమానంగా చూసింది. వనపర్తిలో లెక్కల సారుగా పేరున్న ఆమె భర్త, గేర్ల సైకిల్ కొన్నప్పటి నుంచి ఇంట్లో కుదురుగా కూర్చోవడం లేదు. ఈ ఆదివారం మరో నలుగురు టీచర్లను వెంటేసుకుని సోమశిల దాకా తొక్కుతాడట. దారి నిర్ణయించే పూచీ కూడా తన నెత్తినే వేసుకున్నాడు.

“ఎందుకు వద్దు? తారు రోడ్డు అద్దం లెక్క ఉంటది గద?”

“హైవే మీద లారీలుంటయి.”

“పోయిన నెల కొత్తకోట దాకా ఆ లారీల నడుమనే పోయొస్తివి. పాటలు పాడుకుంట పోయిన అని చెప్తివి.”

“అప్పుడు ఒక్కణ్ణి. ఇప్పుడు పెండ్లాం పిల్లలున్నోళ్లు నా వెంట వస్తుండ్రు. జర సోంచాయించాలె గద.”

ఈ మనిషికి ఇంత బాధ్యత ఎప్పుడు పుట్టుకొచ్చిందో వనజకు అర్థం కాలేదు. మంచిదేలే అనుకుని గోపాలపేట వైపు వేలు పెట్టింది.

“గిట్ల పోరాదు? బండ్లు తక్కువ.”

“కంకర పోసిండ్రు. రోలర్ ఇంకా తిప్పలే. సన్న టైర్లు జారితే పండ్లు రాలుతయి.”

“మరి కాలువ గట్టు?”

“కుక్కలు.”

“గట్టు మీద కుక్కలేంది?”

“గొర్ల మందలు దిగినయి. మంద ఉన్నకాడ కుక్కలుండవా? సైకిల్ కనబడితే పిక్క పట్టందే ఇడువవు.”

ఆ రెండు దారుల మీదా ఎర్ర గీతలు పడ్డాయి. వనజ పటాన్ని మరోసారి చూసింది. ఇక మిగిలింది ఒక్కటే. కొంత తారు, కొంత మొరం. లారీలు రావు, ఎత్తుపల్లాలు తక్కువ, మధ్యమధ్య చింతచెట్ల నీడ. ఆ దారి సరిగ్గా అమృతమ్మ ఇంటి ముందు నుంచి పోతుంది.

అమృతమ్మ రాఘవేందర్‌కు సొంత అక్క. నిరుడు కొత్త ఇంట్లో పాలు పొంగించినప్పుడు, తమ్ముడి భార్యకు బొట్టు పెట్టి పిలవడానికి రాలేకపోయింది. పనుల హడావిడిలో కార్డును బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపింది. “నా భార్యకు బొట్టు పెట్టకుండ పిలుస్తదా? ఆమె వచ్చి పిలిచేదాక ఆ ఊరి పొలిమేర తొక్కను,” అని రాఘవేందర్ భీష్మించుకున్నాడు. బొట్టు పెట్టించుకోవలసిన వనజకు లేని కోపం ఆయనకెందుకో ఎవరూ అడగలేదు. అక్క కూడా ఏం తక్కువ తినలేదు, అంతే పంతం పట్టింది. ఆ ఏడు రాఖీ పున్నమికి ఆయన చేయి బోసిగా ఉండిపోయింది. మరునాడు బడికి పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్లడం వనజ గమనించింది.

ఇన్నాళ్లకు దేవుడే ఈ దారి మిగిల్చాడనుకుంది. అయినా తొందరపడలేదు.

“ఇగ గిదే మిగిలింది,” అంది ఏమీ ఎరగనట్టు.

“అక్కోళ్ల ఊరి మీదికెల్లా? నేను పోను!”

“అయితే లారీల కిందికే పోతవా? నీ కోపానికి ఆ నలుగురి కాళ్లు ఇరగాల్నా? వాళ్ల పెండ్లాలకు నేనేం జవాబు చెప్పాలె?”

రాఘవేందర్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

“సరే తియ్. నువ్వింతగనం చెప్తున్నవని పోత. కానీ ఆడ ఆగను. తల గూడ తిప్పను.”

“ఎవరు తిప్పమన్నరు? నేరుగ చూసుకుంట తొక్కు.”

“నేను మాట తప్పినట్టు కాదు గద?”

“పాణం ముచ్చట కాడ పంతమేంది?”

“నువ్వే అన్నవు. రేపు నన్ననొద్దు.”

“నేనే అన్న. పొద్దుటికి పులిహోర కట్టియ్యాల్నా?”

“వద్దొద్దు. బరువైతది.”

ఆయన ఈల వేసుకుంటూ చైనుకు నూనె పెట్టడానికి వాకిట్లోకి వెళ్లాడు. ఇంత మొండి మనిషిని ఇంత సులువుగా దారికి తెచ్చినందుకు వనజకు తన మీద తనకే ముచ్చటేసింది. సెల్ తీసుకుని పెరట్లోకి నడిచి, గొంతు తగ్గించి మాట్లాడింది.

“వదినె, జర ఇను. ఆదివారం ఆయన మీ వాకిలి ముంగటికెల్లే సైకిల్ మీద పోతుండు. ఆగనంటుండు. నువ్వు పంతం పక్కనపెట్టి రోడ్డుకు అడ్డం నిలబడు. హ్యాండిల్ పట్టుకుంటే దిగక ఏం చేస్తడు? ఆయనను ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.”

అవతల అమృతమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఐదుగురికి రొట్టెలు చేయమని వాడు మొన్ననే ఫోన్ చేసిండు!”